అందరూ ‘చెడ్డది’ అన్న ఆమె

పోయిన వారం ఉసిరికాయ పచ్చడి గురించి చెప్పుకున్నాం. ఈ వారం చింతకాయ తొక్కు గురించి చెప్తానని ఎదురుచూస్తున్నారేమో! అది వచ్చే వారానికి వాయిదా వేశాను, ఏమీ అనుకోకండి. ఇవాళ మీకొక నవల సంగతి చెప్పాలి. చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

‘‘వంటింటి కబుర్లు రాసుకునేదానివి, నీకీ హత్యల గొడవెందుకమ్మా?’’ అన్నారు మా అత్తయ్యగారు. నిజమే మరి. కానీ డిటెక్టివ్ నవలలకీ మన ఆడవాళ్లకీ ఉన్న చుట్టరికం ఇవాళ్టిది కాదు కదా! మా అమ్మ అద్దె పుస్తకాల షాపు నుంచి కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు తెప్పించుకుని, మాకు దొరక్కుండా బియ్యం డబ్బా వెనక దాచుకుని చదివేది. అమ్మ నిద్రపోయాక అవే నవలలు మేమూ చదివేవాళ్లం. ఆ పిచ్చి నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఈమధ్య మా అమ్మాయి కాలేజీ లైబ్రరీ నుంచి ఒక ఇంగ్లీషు నవల తెచ్చింది. అగాథా క్రిస్టీ రాసిన ‘ఈవిల్ అండర్ ది సన్’. నేను చదివింది ఇంటర్మీడియట్. డిక్షనరీ పక్కన పెట్టుకుని, మధ్యాహ్నం గిన్నెలు సర్దుకున్నాక రోజుకి నాలుగైదు పేజీల చొప్పున చదివితే నెలన్నర పట్టింది. పూర్తయిన రోజు సాయంత్రం స్టవ్ మీద పాలు పొంగిపోయినా చూసుకోలేదు. అంతగా నా మనసు పాడుచేసింది ఆ పుస్తకం. ఎందుకో చివర్లో చెప్తాను. ముందు కథ వినండి.

సెలవుల్లో వచ్చిన పెద్దమనిషి

అగాథా క్రిస్టీ 1890లో ఇంగ్లండులోని డెవన్ ప్రాంతంలో, టార్కీ అనే సముద్రపు ఒడ్డు ఊళ్లో పుట్టింది. ఆ డెవన్ తీరంలోనే బర్గ్ ఐలండ్ అని ఒక చిన్న ద్వీపం ఉంది. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు ఇసుక మీద నడుచుకుంటూ ద్వీపానికి వెళ్లిపోవచ్చు. పోటు వచ్చిందంటే దారి మునిగిపోతుంది. అప్పుడు నీళ్లలో నడిచే ఎత్తయిన ట్రాక్టరు లాంటి బండి ఎక్కి వెళ్లాలి. అక్కడ 1929లో కట్టిన ఒక పెద్ద హోటల్ ఉంది. క్రిస్టీ అక్కడ దిగేదట. 1941లో అచ్చయిన ఈ నవల రాసినప్పుడు ఆ ద్వీపాన్నే మనసులో పెట్టుకుని, స్మగ్లర్స్ ఐలండ్ అని పేరు మార్చి, అందులో జాలీ రోజర్ అనే హోటల్ కట్టేసింది.

ఆ హోటల్‌కి సెలవులు గడపడానికి హెర్క్యూల్ పోయిరో వచ్చాడు. ఈయన బెల్జియం దేశస్థుడు, ఒకప్పుడు అక్కడి పోలీసు శాఖలో పనిచేశాడు. తర్వాత ఇంగ్లండులో ప్రైవేటు డిటెక్టివ్‌గా స్థిరపడ్డాడు. పొట్టి మనిషి. నలగని తెల్లసూటు, ముద్దుగా దువ్వుకున్న మీసాలు. చేతిలో కేసేమీ లేదు. కుర్చీలో కూర్చుని సముద్రాన్ని చూడడమే పని.

ఆ కుర్చీ చుట్టూ ఎవరెవరు చేరారో చూడండి. అల్లిక పని చేసుకుంటూ నోరు మూయకుండా మాట్లాడే మిసెస్ గార్డెనర్, ఆవిడ ఏమన్నా ‘అవును’ అనే మొగుడు. పడవ నడిపే మిస్ బ్రూస్టర్. బట్టల డిజైన్ల వ్యాపారం సొంతంగా నడుపుకునే రోజమండ్ డార్న్‌లీ. పాపం, పుణ్యం అంటూ ఊగిపోయే ఒక మతగురువు. మన వీధి అరుగు మీద ఎవరెవరు చేరతారో, అచ్చం వాళ్లే!

అప్పుడు ఆర్లీనా వస్తుంది. పూర్వం నాటకాల్లో వేసేది. చాలా అందగత్తె. భర్త కెప్టెన్ మార్షల్, సవతి కూతురు లిండా అనే 16 ఏళ్ల పిల్లతో కలిసి వచ్చింది. ఆమె ఇసుక మీద నడిచి వస్తుంటే మగవాళ్లందరి తలలూ అటే తిరుగుతాయి. ఆడవాళ్ల మొహాలు ముడుచుకుంటాయి. అదే హోటల్లో పాట్రిక్ రెడ్‌ఫెర్న్ అనే అందమైన కుర్రాడు భార్యతో దిగాడు. అతను ఆర్లీనా వెంటే తిరుగుతాడు. అతని భార్య క్రిస్టీన్ తెల్లగా పాలిపోయి, ఎండ పడదని పొడుగు చేతుల బట్టలు వేసుకుని, కళ్లనీళ్లు కుక్కుకుంటూ ఒక మూల కూర్చుంటుంది.

ఇంక చెప్పేదేముంది? ద్వీపంలో ఉన్నవాళ్లందరి నోటా ఒకటే మాట. ఆర్లీనా కొంపలు కూల్చేది, మగవాళ్లని మింగేది. క్రిస్టీన్ పాపం, బంగారం లాంటి పిల్ల.

చదువుతూ నేనూ అదే అనుకున్నాను. నిజం చెప్తున్నాను, ‘ఈ ఆర్లీనాకి తగిన శాస్తి జరిగితే బాగుండు’ అని కూడా అనుకున్నాను.

ఆ ఉదయం ఏం జరిగింది?

ఆగస్టు నెలలో ఒక ఉదయం. ఆర్లీనా ఒక్కతే చిన్న తెడ్డు పడవ వేసుకుని బయల్దేరింది. తను ఎటు వెళ్తున్నదీ ఎవరికీ చెప్పొద్దని పోయిరోని బతిమాలింది. ఆయన సరేనని, పడవని నీళ్లలోకి తోయడానికి సాయం కూడా చేశాడు. ఆమెని ప్రాణాలతో ఆయన చూడడం అదే ఆఖరు.

కాసేపటికి పాట్రిక్, మిస్ బ్రూస్టర్ ఇంకో పడవలో ద్వీపం చుట్టూ బయల్దేరారు. పిక్సీ కోవ్ అనే చిన్న ఇసుక తీరంలో ఒక స్త్రీ బోర్లా పడి ఉంది. ఎండకి కమిలిన ఒళ్లు, మొహాన్ని కప్పేసిన పెద్ద ఆకుపచ్చ టోపీ. ఆర్లీనా టోపీయే! పాట్రిక్ దిగి, దగ్గరికెళ్లి, చెయ్యి పట్టుకుని చూసి, వణికే గొంతుతో చనిపోయిందన్నాడు. ఎవరో గొంతు నులిమేశారన్నాడు. అతను శవం దగ్గర ఉండిపోయాడు. మిస్ బ్రూస్టర్ ఒక్కతే పడవ వేసుకుని పోలీసుల కోసం తిరిగి వచ్చింది.

పోలీసులొచ్చారు. సెలవుల్లో ఉన్నానని పోయిరో తప్పుకోలేదు, వాళ్లతో కూర్చున్నాడు. భర్త మీద అనుమానం. సవతి తల్లంటే గిట్టని లిండా మీద అనుమానం. ఆమె డబ్బు లెక్క చూస్తే ఇంకో చిక్కు. ఆర్లీనాకి ఒక ముసలాయన 50 వేల పౌన్లు రాసిచ్చి పోయాడు. ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తం. తీరా చూస్తే మిగిలింది 15 వేలే! ఎవరో ఆమె గుట్టు పట్టుకుని, బెదిరించి లాగేశారని పోలీసులు తేల్చారు. ‘ఇలాంటి ఆడదానికి గుట్లుండవా మరి!’ అన్నట్టు.

ఈ నవలలో నాకు బాగా నచ్చిందేమిటో తెలుసా? పోయిరో పట్టుకున్న ఆధారాలు. తుపాకీ గుళ్లు కాదు, రక్తపు మరకలు కాదు. మిట్టమధ్యాహ్నం 12 గంటలప్పుడు స్నానాల గదిలోంచి నీళ్లు పోతున్న చప్పుడు వినిపించిందని గదులు ఊడ్చే పనిపిల్ల చెప్తుంది. ఎవర్ని అడిగినా ఆ వేళప్పుడు స్నానం చేయలేదంటారు. ఎవరో కిటికీలోంచి ఒక సీసా విసిరేశారు. లిండా గదిలో కొవ్వొత్తులు కరిగించిన ఆనవాళ్లు దొరికాయి. ఒక చేతి గడియారం. అన్నీ ఇంట్లో సంగతులే! పనివేళ కాని వేళ నీళ్ల చప్పుడైతే మనకి అనుమానం రాదూ? అదే పోయిరో చేసింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. నవల సొంతంగా చదువుకోవాలనుకునే వాళ్లు ఈ పేజీ మడిచిపెట్టి, చదివాక మళ్లీ తెరవండి. హంతకులెవరో చెప్పకుండా నేను చెప్పదలుచుకున్నది చెప్పలేను.

ఏడ్చిన భార్య

చంపింది పాట్రిక్. అతనికి తోడు నిలిచింది ఎవరనుకున్నారు? ఆ ‘బంగారం లాంటి’ క్రిస్టీనే!

పాట్రిక్ ఆర్లీనాకి ప్రేమ కబుర్లు చెప్పి, లాభాలొచ్చే పెట్టుబడులు పెడతానని ఆమె డబ్బు కొంచెం కొంచెంగా లాగేశాడు. ఇవాళో రేపో ఆమె భర్తకి తెలుస్తుంది. అందుకని మొగుడూ పెళ్లాం కలిసి పథకం వేశారు. ఆ ఉదయం క్రిస్టీన్ లిండాతో కలిసి ఇంకో తీరానికి వెళ్లింది. అంతకుముందే లిండా గడియారం 20 నిమిషాలు ముందుకు తిప్పి, తర్వాత మళ్లీ సరిచేసింది. తనున్న చోటికి పిల్లే సాక్ష్యం! తర్వాత ఒంటికి రంగు పూసుకుని, అలాంటి టోపీయే పెట్టుకుని పిక్సీ కోవ్‌లో శవంలా పడుకుంది. మిస్ బ్రూస్టర్ చూసింది ఆమెనే. అప్పటికి ఆర్లీనా ప్రాణాలతోనే ఉంది. పాట్రిక్ భార్య వస్తోందనుకుని పక్కనున్న గుహలో దాక్కుంది, పాపం. మిస్ బ్రూస్టర్ పడవ కనుమరుగయ్యాకే పాట్రిక్ ఆమెని బయటికి పిలిచి గొంతు నులిమాడు. క్రిస్టీన్ పరుగున హోటల్‌కి వచ్చి, స్నానం చేసి రంగు కడిగేసుకుని, ఏమీ ఎరగనట్టు టెన్నిస్ ఆటకి వెళ్లింది. ఆ నీళ్ల చప్పుడు అదే!

ఒడ్డున వరసగా ఎండలో పడుకున్న వాళ్లని చూసి, శవాల గదిలో శవాల్లా అందరూ ఒక్కలాగే ఉన్నారని పోయిరో మొదట్లోనే అంటాడు. నేను ఆ మాట చదివి నవ్వుకుని ముందుకెళ్లిపోయాను. రహస్యమంతా అందులోనే ఉంది!

కానీ నా గుండెలో గుచ్చుకున్నది ఆ తెలివితేటలు కాదు. చివర్లో పోయిరో ఆర్లీనా గురించి చెప్పే మాట. ఆమె మగవాళ్లని ఆడించే మనిషి కాదు, మగవాళ్ల చేతిలో ఆడే మనిషి అంటాడు. నిజమే కదా! అంతకుముందు ఒక పెద్దింటాయనకి ఆమె మూలంగా విడాకులయ్యాయి, తీరా ఆయన ఈమెని పెళ్లాడకుండా నడివీధిలో వదిలేశాడు. జాలిపడి పెళ్లి చేసుకున్నవాడు మార్షల్. మోజు తీరగానే అందరూ విసిగిపోయి వెళ్లిపోయేవాళ్లే. అలాంటి మనిషిని మోసం చేయడం ఎంత తేలిక! ఆమె మొదటి నుంచీ చివరిదాకా మోసపోయినదే. ఒడ్డున కూర్చున్న అంతమందిలో ఆ సంగతి గ్రహించింది ఆయనొక్కడే.

ఇంకో సంగతి ఆలోచించండి. ఆ ఇద్దరి పథకం పారడానికి గడియారం, టోపీ ఎంత ఉపయోగపడ్డాయో, ద్వీపంలో జనం నోళ్లూ అంతే ఉపయోగపడ్డాయి. ‘చెడ్డది’ అని ఒకసారి ముద్ర పడ్డాక ఆమె డబ్బు ఎటు పోయిందని ఎవరడుగుతారు? ‘పాపం’ అని ఒకసారి జాలిపడ్డాక ఆ భార్య ఎక్కడికి వెళ్లి వచ్చిందని ఎవరడుగుతారు? మనం తీరిగ్గా చెప్పుకునే కబుర్లే దొంగకి పెట్టుబడి!

పిల్లల సంగతి కూడా ఉంది. లిండా సవతి తల్లి మీద కోపంతో మైనపు బొమ్మ చేసి సూది గుచ్చింది. ఆమె చనిపోగానే తన చేతబడి వల్లే చనిపోయిందని కుమిలిపోయి, నిద్రమాత్రలు మింగేసింది. ఆ పిల్ల మనసులో భయాన్ని ఎగదోసింది కూడా క్రిస్టీనే. అదృష్టం, బతికింది. పెద్దవాళ్ల మాటలన్నీ వింటూ, ఎవరికీ ఏమీ చెప్పుకోలేక, ఒక మూల గోళ్లు కొరుక్కునే 16 ఏళ్ల పిల్లలు మన ఇళ్లల్లోనూ ఉంటారు. ఒక్కసారి చూసుకోండి.

నచ్చనిదీ ఒకటుంది. కథ చివర్లో మార్షల్ చిన్ననాటి స్నేహితురాలు రోజమండ్‌ని పెళ్లాడతానంటాడు. బట్టల వ్యాపారం మానేసి పల్లెటూళ్లో కాపురం పెట్టాలని షరతు. అంత పేరు తెచ్చుకున్న మనిషి సరేననేస్తుంది! 80 ఏళ్లు దాటిన నవల కదా అని సరిపెట్టుకున్నాను.

రాసినావిడ బతుకు

అగాథా క్రిస్టీ ఈ కథ ఇలా రాసిందని తెలిశాక నాకు ఆవిడ మీద గౌరవం పెరిగింది. ఎందుకంటే ఆవిడ బతుకులో భర్త ఇంకొకామెని ప్రేమించానని చెప్పేశాడు. 1926 డిసెంబరులో ఆవిడ ఇల్లు వదిలి 11 రోజులు ఎవరికీ కనపడకుండా పోయింది. దేశమంతా వెతికారు. పత్రికలు నోటికొచ్చినట్టు రాశాయి. 1928లో విడాకులయ్యాయి. అంత దెబ్బతిన్న భార్య ‘ఆ రెండో ఆడది’ అంటే ఎంత కసితోనైనా రాయొచ్చు కదా! కానీ ఈ నవలలో అందరూ తిట్టే ఆ రెండో ఆడదాని వైపు నిలబడి న్యాయం అడిగింది. నోళ్లలో నానడం ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు మరి.

ఇంతకీ ఈ పుస్తకం నా మనసెందుకు పాడుచేసిందో చెప్తానన్నాను కదూ.

పద్నాలుగేళ్ల కిందటి మాట. మేం అద్దెకుండే ఇంట్లో మేడమీద వాటాలో ఒకావిడ ఉండేది. భర్త గల్ఫ్‌లో. ఆవిడకి ముస్తాబు సరదా. సాయంత్రమయ్యేసరికి తలస్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, పూలు పెట్టుకుని పిట్టగోడ దగ్గర నిలబడేది. వారానికి రెండుమూడుసార్లు స్కూటర్ మీద ఒకతను వచ్చేవాడు. బోరింగు దగ్గర మాకు ఇంకో టాపిక్ ఉండేది కాదు. ఒకరోజు అతని భార్య వచ్చి మా గుమ్మం ముందు భోరుమని ఏడ్చింది. మేమంతా ఆవిడని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఓదార్చి పంపించాం. ఆ రోజు నుంచి మేడమీద ఆవిడతో మాటలు మానేశాం. నేనూ మానేశాను.

తర్వాత పది రోజులకేమో, ఆవిడ పులిహోర గిన్నె పట్టుకుని మా తలుపు తట్టింది. ఏదో చెప్పాలని వచ్చిందని మొహం చూస్తేనే తెలిసింది. నేను గిన్నె అందుకున్నాను గానీ ‘లోపలికి రండి’ అనలేదు. కాసేపు నిలబడి వెళ్లిపోయింది. ఆ నెలాఖర్లోనే ఇల్లు ఖాళీ చేసింది.

అసలు సంగతి చాలా రోజులకి ఇంటివాళ్ల ద్వారా తెలిసింది. ఆ స్కూటరతను వ్యాపారంలో పెట్టి నెలనెలా లాభం ఇస్తానని, భర్త పంపిన డబ్బూ, ఆవిడ నాలుగు పేటల గొలుసూ పట్టుకెళ్లాడట. కాగితం ముక్క కూడా రాసివ్వలేదు. ఆవిడ గట్టిగా అడగడం మొదలుపెట్టాకే అతని రాక తగ్గిందట. ఆ ఏడ్చిన భార్యకి ఈ సంగతి తెలుసో తెలియదో నాకు తెలియదు, ఆవిడ మీద ఇప్పుడు కొత్తగా ఇంకో నింద వేయను. నేను చెప్పేది నా సంగతే. ఆ రోజు ఆవిడ నాతో ఏం చెప్పాలనుకుందో? నేను లోపలికి పిలిచి మంచినీళ్లిచ్చి ఉంటే ‘పోలీస్ స్టేషన్‌కి వెళ్దాం పదండి’ అనేదాన్నేమో. మావారు తోడు వచ్చేవారేమో. ఆవిడకి జరిగింది హత్య కాదు, నిజమే. కానీ ఆవిడ డబ్బు ఏమైందని మా వీధిలో ఒక్కరం కూడా అడగలేదు.

అందుకే ఈ వారం వంట చిట్కాకి బదులు రెండు మాటలు రాసుకోండి.

ఒకటి. మీ పేరు మీదున్న డబ్బు, బంగారం ఎంతుందో మీరే ఒక పుస్తకంలో రాసిపెట్టుకోండి. పాస్‌బుక్ నెలకోసారి మీరే చూసుకోండి. బంగారం కొన్న బిల్లులు పారేయకండి. ఎంత దగ్గరవాళ్లైనా సరే, డబ్బిచ్చేటప్పుడు బ్యాంకు ద్వారా ఇవ్వండి, కాగితం రాయించుకోండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. పుట్టింటివాళ్లు పెట్టిన స్త్రీధనం మీద పూర్తి హక్కు ఆ స్త్రీదేనని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. మన సొమ్ము లెక్క మనం చూసుకుంటే అది అనుమానం కాదు, జాగ్రత్త.

రెండు. ఎవరి గురించైనా పదిమందీ ఒకే మాట అంటుంటే, పదకొండో నోరు మనది కాకుండా చూసుకుందాం. ‘ఆవిడ ఎలాంటిది?’ అనే బదులు ‘ఆవిడకి ఏం పోయింది? అది ఎవరికి చేరింది?’ అని అడుగుదాం. సెలవుల్లో ఉన్నా పోయిరో మానకుండా చేసిన పని అదే. దానికి మీసాలు అక్కర్లేదు, డిటెక్టివ్ కానక్కర్లేదు.

ఆ పులిహోర గిన్నె ఇంకా మా ఇంట్లోనే ఉంది. దాని మీద ఆవిడ పేరు, పెళ్లి తారీఖు చెక్కి ఉన్నాయి. ఎవరి గిన్నే ఖాళీగా తిరిగివ్వకూడదంటారు కదా పెద్దవాళ్లు! ఏదైనా వండి, నింపి ఇవ్వాలని అప్పట్లో పక్కన పెట్టాను. ఇచ్చే లోపలే ఆవిడ వెళ్లిపోయింది. ఎక్కడుందో తెలియదు. తెలిస్తే గిన్నె నింపుకుని వెళ్తాను. ఈసారి తలుపు తట్టేది నేను. లోపలికి పిలవాలో వద్దో ఆవిడ ఇష్టం.

వచ్చే వారం చింతకాయ తొక్కుతో కలుద్దాం. కాయ ముదిరిపోకముందే, గింజ గట్టిపడకముందే తెప్పించి పెట్టుకోండి. తడి గుడ్డతో తుడవొద్దు, కడిగి నీడన ఆరబెట్టండి. ఉంటాను మరి!